గణకి యనగా నెవరు?

సంస్కృతమున గణకుడనగా లెక్క వేయువాడు. గ్రహగతులను గణించు జ్యోతిష్కునికిని, రాజసభలో పద్దులు చూచు ఉద్యోగికిని ఆ పేరు చెల్లుచుండెను. దానికి స్త్రీవాచక మేమని యడిగినచో, పాణినీయ వ్యాఖ్యాతలు "గణకి" యని చెప్పి, గణకుని భార్య యని దానికర్థము వివరించినారు. ఆమెకు లెక్కలు వచ్చునా, రావా యను ప్రశ్న వారికి తోచినట్లు లేదు. భర్త పనిని బట్టి భార్యకు పేరు, అంతటితో సరి. అమెరికా దేశమునందలి లాస్ అలమాస్ జాతీయ పరిశోధనాలయ చరిత్రను చదువుచుండగా ఈ చిన్న వ్యాకరణ విషయము నాకు పలుమారులు జ్ఞప్తికి వచ్చినది. అచ్చట శాస్త్రజ్ఞుల భార్యలు నిజముగనే గణకులైరి. వారి వెనుక చదువుకొన్న కన్యలు ఉద్యోగినులై వచ్చిరి. అయినను చాలకాలము వరకు చరిత్రకారులు వారిని పాత వ్యాఖ్యాతలు చూచిన దృష్టితోనే చూచిరి.

కంప్యూటర్ అన్నంతమాత్రమున నేడు మనకు బల్లమీది యంత్రము కన్నులకు కట్టును. కాని ఆంగ్లమున ఆ మాట పదునేడవ శతాబ్దము మొదలుకొని ఇరువదవ శతాబ్దపు నడిమి వరకు మనుష్యులకే వర్తించెను. నక్షత్రశాలలలోను, నౌకాయాన పట్టికలు తయారుచేయు కార్యాలయములలోను, తుపాకిగుండ్ల గమనమును నిర్ణయించు సైనికశాఖలలోను కూర్చుండి దినమంతయు కూడికలు, గుణకారములు చేయువారే కంప్యూటర్లు. ఆ పనికి ఓపిక కావలెను, తప్పు దొర్లని చేయి కావలెను, జీతము మాత్రము కొంచెము చాలును అని యజమానులు తలచిరి. కనుకనే ఆ కొలువు స్త్రీలకు సులభముగా దొరకెను. స్త్రీలకు దొరకినందువలన దాని గౌరవము మఱింత తగ్గెను. ఏది కారణమో ఏది కార్యమో తెలియని ఈ చక్రము మన దేశమునందు కూడ ఎఱుగనిది కాదు.

1943వ సంవత్సరపు వసంతమున, న్యూ మెక్సికో రాష్ట్రమున ఎత్తైన యొక పీఠభూమిపై, అంతకుముందు బాలుర పాఠశాల యుండిన స్థలమున, అమెరికా ప్రభుత్వమువారు రహస్యముగా ఒక పరిశోధనాలయమును తెఱచిరి. ఓపెన్‌హైమర్ దానికి అధ్యక్షుడు. అణ్వస్త్ర నిర్మాణమే దాని పని. ఊరిపేరు బయటివారికి తెలియరాదు. ఉత్తరములన్నియు శాంటా ఫే పట్టణమునందలి 1663 సంఖ్యగల తపాలాపెట్టెకే రావలెను. అచ్చట పుట్టిన బిడ్డలకు జన్మస్థలముగా కూడ ఆ పెట్టె సంఖ్యయే వ్రాయబడెను! ఇండ్లు చాలవు, నీరు చాలదు, క్రొత్తవారిని తెచ్చినకొలది రహస్యము బయటపడునను భయము. కావున అప్పటికే ఊరిలోనున్న శాస్త్రజ్ఞుల భార్యలను పనిలో చేర్చుకొనుటయే అధికారులకు అనువుగా కన్పట్టెను. వారిలో పలువురు కళాశాలలలో చదివినవారు. కొందరు గణితమునందే పట్టము పొందినవారు.

న్యూయార్కు విశ్వవిద్యాలయమునుండి వచ్చిన ఫ్లాండర్స్ అను గణితాచార్యుని క్రింద ఈ స్త్రీలు ఒక శాఖగా ఏర్పడిరి. ఒక్కొక్కరి ముందు ఒక మార్చంట్ లెక్కలయంత్రము. మీటలు నొక్కినచో కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము చేయు బల్లమీది పరికరమది. తెల్లవారినది మొదలు మీటల చప్పుడు. యంత్రము చెడినయెడల కర్మాగారమునకు పంపి తెప్పించుటకు కాలము చాలదు గనుక ఫైన్‌మన్, మెట్రోపొలిస్ అను యువశాస్త్రజ్ఞులు ఇద్దరు తామే విప్పి బాగుచేయుచుండిరి.

ఇల్లు విడిచి కొలువునకు పోయిన యిల్లాలి వంటయు వార్పును ఎవరు చూచిరని మన గృహిణులు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. సాన్ ఇల్డెఫాన్సో మున్నగు చుట్టుప్రక్కల ప్యూబ్లో గ్రామములనుండి ఆదివాసి స్త్రీలను సైన్యమువారి బస్సులలో కొండపైకి తెచ్చి, ఇండ్లలో పనికి నియోగించిరి. ఏ యింటికి ఎన్ని పూటలు పనిమనిషిని పంపవలెనో నిర్ణయించుటకు ఒక పద్ధతి యుండెను: వ్యాధిగ్రస్తులకును, గర్భవతులకును, పరిశోధనాలయమున ఎక్కువ గంటలు పనిచేయు స్త్రీలకును ముందు. అనగా ఒక స్త్రీ లెక్కలబల్ల యొద్ద కూర్చుండుటకు వేఱొక స్త్రీ తన యిల్లు విడిచి వచ్చి ఆమె గిన్నెలు తోమవలసి వచ్చెను. గణకుల పేర్లు కొన్నియైనను పుస్తకములకెక్కినవి. ఈ రెండవ స్త్రీల పేర్లు వెదకువారే అరుదు.

ఇక పని స్వభావమును కొంచెము చెప్పవలెను. ప్రేలుడు మందు నలుదెసలనుండి లోపలికి నొక్కునపుడు లోహపుగోళము ఏ క్షణమున ఏ విధముగా కుంచించుకొనునో తెలిసికొనవలసి యుండెను. ఆ సమీకరణములకు కాగితముపై సూత్రరూపమున సమాధానము దొరకదు. కాలమును చిన్న చిన్న తునకలుగా కోసి, దూరమును అట్లే కోసి, ఒక తునక ఫలితము నుండి మఱుసటి తునక ఫలితమును వేలకొలది మారులు రాబట్టవలెను. నడుమ ఒక్క అంకె తప్పినను దాని తరువాతివన్నియు తప్పే.

1944లో చిల్లులుపొడిచిన అట్టముక్కలతో లెక్క చేయు ఐ.బి.ఎం. యంత్రములు వచ్చునని తెలిసినపుడు, అవి రాకముందే ఫైన్‌మన్ ఒక ఏర్పాటు చేసెను. యంత్రములు చేయవలసిన పనిని స్త్రీలకు పంచిపెట్టి వారిని వరుసగా కూర్చుండబెట్టెను. ఒకామె గుణకారమే చేయును. ఒకామె ఘనములే కట్టును. అట్టముక్క చేతినుండి చేతికి సాగిపోవును. ఇట్లు లెక్క క్రమమునందలి లోపములన్నియు ముందుగనే బయటపడినవి. యంత్రములు వచ్చిన తరువాత రెండు పక్షములకును పందెము పెట్టగా, వేగమున స్త్రీలు యంత్రములకు తీసిపోలేదు. అలసట యొకటే తేడా: యంత్రములు రాత్రింబవళ్లు మూడు వంతుల పని చేయగలవు, మనుష్యులు చేయలేరు. ఈ కథను యంత్రముయొక్క గెలుపుగా చెప్పుట వాడుక. నాకు మాత్రము దానిలో వేఱొక విషయము ముఖ్యముగా తోచుచున్నది. ఇప్పుడు మనము ప్రోగ్రామని పిలుచు వస్తువు ఆ పరిశోధనాలయమున మొట్టమొదట నడచినది స్త్రీల చేతులమీద. దాని తప్పులు దిద్దబడినదియు అచ్చటనే.

ఆ యంత్రములను నడుపుటకు సైన్యమునుండి చదువుకొన్న కుఱ్ఱవాండ్రను తెచ్చిరి. అట్టముక్కల యంత్రములతో ముందే పరిచయముగల గణితజ్ఞురాలు నేయోమీ లివ్‌సే వారి పనిని పర్యవేక్షించువారిలో నొకతె. ఆ కుఱ్ఱవాండ్రకు మొదట తామేమి చేయుచున్నారో ఎవరును చెప్పలేదు. అంకెలు పొడువుమనిరి, పొడిచిరి. ఫైన్‌మన్ పైవారి యనుమతి పొంది, పని యుద్దేశమును వారికి తెలిపెను. అంతకుముందు తొమ్మిది నెలలలో మూడు లెక్కలు తెమలినచోట, అటుపిమ్మట మూడు నెలలలో తొమ్మిది తెమలినవని ఆయన చెప్పినాడు. పద్ధతులను వారే మెఱుగుపఱచిరట. పనివానికి పని యర్థము తెలిసినచో పని మారునని చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము నేనెఱుగను.

ఆ యర్థమెట్టిదో దాచిపెట్టి ఈ చరిత్ర చెప్పరాదు. 1945 ఆగష్టు 6వ తేదీన హిరోషిమా, 9వ తేదీన నాగసాకి నగరములు కాలిపోయినవి. ఆ లెక్కలు ఆ బాంబులకొఱకే. స్త్రీల శ్రమకు గౌరవము దక్కవలెనని కోరువారము, ఆ శ్రమఫలమునందలి పాపభాగమును పురుషులకే విడిచిపెట్టి తప్పించుకొనజాలము. పేరు కావలెనన్నచో రెండును కావలెను.

యుద్ధము ముగిసినను ఆ పరిశోధనాలయము మూతపడలేదు. ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అను మహాయంత్రము సిద్ధమైనపుడు, 1945 డిసెంబరులో దానిపై మొదట నడచిన పెద్ద లెక్క లాస్ అలమాస్ వారిదే. పదునెనిమిదివేల దీపనాళములతో నిండిన ఆ యంత్రమునకు పని నేర్పినవారు ఆర్గురు స్త్రీలు. అంతకుముందు వారు చేతితో గుండ్ల గమనమును లెక్కించుచుండిన కంప్యూటర్లు. 1948లో ఆ యంత్రముమీదనే లాస్ అలమాస్ కొఱకు, యాదృచ్ఛిక సంఖ్యలతో పరమాణు కణముల నడకను అనుకరించు క్రొత్త విధమైన లెక్కకు సంకేతలిపి వ్రాసినది క్లారా ఫాన్ నాయ్‌మన్. ఆమెకు కళాశాలపట్టము లేదు. ఆమె భర్త జగత్ప్రసిద్ధుడు. చాలకాలము ఆమెయు "ఆయన భార్య"గానే మిగిలెను.

తుదకు లాస్ అలమాస్ వారు తమ స్వంతయంత్రమును కట్టుకొనిరి. మెట్రోపొలిస్ నాయకత్వమున నిర్మింపబడి 1952 మార్చిలో పని ప్రారంభించిన ఆ యంత్రము పేరు మానియాక్. ఆంగ్లమున ఆ మాటకు పిచ్చివాడని యర్థము. యంత్రములకు ఇట్టి పేర్లు పెట్టు వేలంవెఱ్ఱిని ఆపుటకే ఆ పేరు పెట్టితినని మెట్రోపొలిస్ చెప్పినాడు. ఆ యుద్దేశము నెఱవేఱినట్లు లేదు. దాని స్మృతిలో పట్టునవి 1,024 మాటలు మాత్రమే. దానికి ఆంగ్లమును రాదు, బీజగణిత సంకేతములును రావు. ప్రతి యాజ్ఞను అంకెలుగా మార్చి కాగితపు పట్టీమీద పొడిచి లోనికి పంపవలెను. అన్ని సంఖ్యలును ఒకటికి లోపడియే యుండవలెను; లెక్క నడుమ ఏ సంఖ్యయైనను ఆ హద్దు దాటునేమోనని ముందుగనే ఊహించి అంతటిని తగ్గించి వ్రాయవలెను. నాళము చెడి తప్పు వచ్చినదా, తన వ్రాతలోని తప్పా యని తేల్చుకొనవలెను. దీనిని గుమాస్తా పని యనుట, వీణ వాయించుటను తీగలు లాగుట యనినట్లుండును.

ఆ యంత్రముమీద 1953లో ఒక లెక్క జరిగెను. ద్రవములలోని కణముల ప్రవర్తనను యాదృచ్ఛిక సంఖ్యలతో గణించు ఆ పద్ధతి భౌతికశాస్త్రమునందే కాక, గణాంకశాస్త్రమునందును నేటికిని నిత్యము వాడబడుచున్నది. దానిని ప్రకటించిన వ్యాసమునకు కర్తలు ఐదుగురు: మెట్రోపొలిస్, ఇద్దరు దంపతులైన రోజెన్‌బ్లూత్‌లు, ఇద్దరు దంపతులైన టెల్లర్‌లు. పద్ధతికి స్థిరపడిన పేరు మెట్రోపొలిస్ ఒక్కనిది. సంకేతలిపిని మొదట ఆరంభించినది ఆగస్టా టెల్లర్. దానిని మరల మొదటినుండి పూర్తిగా వ్రాసి నడిపినది అరియానా రోజెన్‌బ్లూత్. ఈమె హార్వర్డులో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమును ఇరువదియొక్క యేండ్లకే పొందినది. మెట్రోపొలిస్ ఇచ్చినది యంత్రముమీద సమయమే గాని వేఱేమియు లేదని ఆమె భర్త మార్షల్ రోజెన్‌బ్లూత్ ఏబది యేండ్ల తరువాత స్పష్టముగా చెప్పెను. అప్పటికి ఆమె పరిశోధన మాని చాలకాలమైనది. పిల్లల పెంపకమునకై విడిచిన శాస్త్రమునకు ఆమె మరల పోలేదు. 2020లో ఆమె మరణించెను. పేరు కాగితముపై నుండియు కనబడకపోవుట ఇది యొక రీతి. ఇంకొక రీతి కలదు. అదియే నేను ముఖ్యముగా చెప్పదలచినది.

మేరీ ట్సింగూ 1928లో మిల్వాకీ నగరమున గ్రీకు వంశీయుల యింట పుట్టెను. 1936లో తలిదండ్రులు పిల్లలతో బల్గేరియాకు పోయి, యూరోపునందు యుద్ధము రేగిన పిమ్మట 1940లో తిరిగి అమెరికా చేరిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1951లో ఆమె పట్టభద్రురాలయ్యెను. అచ్చట అవకలన సమీకరణములు బోధించిన యొక ఉపాధ్యాయిని లాస్ అలమాస్‌లో ఉద్యోగమునకు వ్రాయుమని చెప్పగా, 1952లో వ్రాసెను. ఆ కాలమున కొరియా యుద్ధమునకు యువకులు పోయియుండిరి. కావుననే ఆడువారికి ఉద్యోగములు దొరకెను. ఆమెను చేర్చుకొన్నది చేతి లెక్కలకే. కొలది కాలములోనే మెట్రోపొలిస్ శాఖకు మారి మానియాక్ యంత్రమునకు సంకేతలిపి వ్రాయసాగెను.

పగలు అస్త్రముల లెక్కలు జరుగుచున్నను, ఎన్రికో ఫెర్మి, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలామ్ అను మువ్వురు ఆ యంత్రముతో ఒక శుద్ధశాస్త్ర ప్రశ్నను విచారింపదలచిరి. వీణతీగ వంటి తీగను తలచుకొనుడు. దానిని వరుసగా కట్టిన 32 గాని 64 గాని బిందువులుగా భావించి, ఒక్కొక్క బిందువునకును నడుమ సాగెడు తీగచుట్ట యున్నదనుకొనుడు. చుట్టలు నియమమును కొంచెము తప్పి సాగును. మొదట తీగ మొత్తము ఒక్కటే వంపుగా కదలునట్లు మీటినచో, ఆ శక్తి క్రమముగా అన్ని విధముల కంపములకును సమముగా పంచబడునని అందరును నమ్మిరి; పాలలో వేసిన పంచదార పాలంతట కరగినట్లు. మేరీ సంకేతలిపి వ్రాసి లెక్క నడిపెను. శక్తి కొలది కంపములలోనికి పోయి, కొంతకాలమునకు ఇంచుమించు అంతయు మొదటి కంపమునకే తిరిగి వచ్చెను. కరగిన పంచదార మరల గడ్డకట్టి గిన్నె యడుగున చేరినట్లు! ఈ వింతనుండియే 1965లో జబుస్కీ, క్రుస్కల్ అనువారు చెదరక సాగిపోవు ఏకాకి తరంగముల సిద్ధాంతమును రాబట్టిరి. ప్రయోగశాలలో వస్తువులతోను గాక, కాగితముపై సూత్రములతోను గాక, యంత్రమును అడిగి ప్రకృతిని తెలిసికొను మూడవ మార్గమునకు ఆ లెక్క తొలి యుదాహరణములలో నొకటి.

ఫెర్మి 1954 నవంబరులో మరణించెను. నివేదిక 1955 మేలో వెలువడెను. దాని ముఖపత్రముమీద రెండు పట్టికలు కలవు. పని చేసినవారు నలుగురు, వ్రాసినవారు మువ్వురు. లోపల అడుగున ఒక చిన్న సూచికలో, సంకేతలిపి చక్కగా వ్రాసి యంత్రమును నడిపినందుకు కుమారి మేరీ ట్సింగూకు కృతజ్ఞత తెలుపబడినది. లోకము రెండవ పట్టికనే గ్రహించెను. అర్ధశతాబ్దము పైగా ఆ సమస్య మూడు పేర్ల మొదటి యక్షరములతో చలామణి యయ్యెను.

ప్రశ్నను ఊహించినవాడే కర్త, లెక్క చేసినవారు సహాయకులని కొందరనవచ్చును. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఇల్లు కట్టినవారందరును శిల్పులు కారు. అయితే నివేదిక వ్రాయుటలో ఆమె పాలుపంచుకొనలేదని మాత్రమే ఆ మువ్వురి వాక్యమునకు అర్థము. పనిలో ఆమె భాగస్వామిని యని వారే ముఖపత్రముమీద ఒప్పుకొనిరి. తమకు అట్లు ఒప్పుకొన్నవారికంటె, చదువకయే మూడు పేర్లు వల్లించిన తరువాతివారిదే ఎక్కువ తప్పని నా యభిప్రాయము.

1958లో ఆమె జోసెఫ్ మెంజెల్‌ను పెండ్లాడి మేరీ మెంజెల్ అయ్యెను. 1972లో జేమ్స్ టక్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ఆ తీగ లెక్కనే మఱింత దూరము సాగించి, శక్తి యింకను దీర్ఘమైన కాలావధిలో మఱింత పూర్ణముగా మొదటి కంపమునకు మరలునని చూపెను. ఈ వ్యాసమున ఆమె పూర్ణకర్త. అయినను అడుగుసూచికలోని కుమారి ట్సింగూయు, ఈ మెంజెల్‌యు ఒక్కతెయే యని చదివినవారికి తోచలేదు. పదునేడేండ్ల నాడు తాను చేసిన పనిని తానే పెంచుకొన్న స్త్రీ, రెండు పేర్ల నడుమ పడి ఇద్దరై పోయెను. పెండ్లితో ఇంటిపేరు మారు మన యింటి యాడుబిడ్డలకు దీని యర్థము విప్పిచెప్ప నక్కఱలేదు. పట్టమొక పేరున, ఉద్యోగమొక పేరున, ముద్రితవ్యాసమొక పేరున నున్నచో వాని నన్నిటిని ఒక్క జీవితముగా కూర్చువారెవరు?

ఆమె లాస్ అలమాస్‌లోనే 1991లో ఉద్యోగ విరమణ చేయువరకు పనిచేసెను. ఫోర్ట్రాన్ భాష వచ్చినపుడు దానిని ముందుగా నేర్చి యితరులకు దారి చూపినవారిలో ఆమె యొకతె. చేతి లెక్కలకు చేరిన యువతి నాలుగు దశాబ్దముల యంత్రపరంపరను ఒకే కొలువులో చూచినది.

2008లో థియరీ డోక్వా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ విషయమంతయు వెలికితీసి, ఆ సమస్యను ఇకముందు నాలుగు పేర్లతో వ్యవహరింపవలెనని వ్రాసెను. ఆయన వ్యాసముతో పాటు ఒక కాగితపు ప్రతి ముద్రింపబడినది. లెక్క ఏ యంచెనుండి ఏ యంచెకు పోవలెనో చూపుచు మేరీ చేతితో గీసిన పటమది. పైన 1955 మే 20వ తేదీ వేసియున్నది. ఆ తరువాత పలువురు శాస్త్రజ్ఞులు నాలుగవ యక్షరమును చేర్చి వ్రాయుచున్నారు. కొందరు ఇంకను మూడింటితోనే వ్రాయుచున్నారు.